ఫేసు మీద పెద్దబాపు

"బిడ్డా, మన కంప్యూటర్‌కు రిటైర్మెంట్ నోటీసు ఒచ్చింది" అన్నాడు పెద్దబాపు ఫోన్లో.

ఏం రాసుందో చదవమన్నాను. ఇంగ్లిషు అక్షరాలు ఒక్కొక్కటే, టబ్బులు లెక్కబెట్టినట్టు ఆగి ఆగి చెప్పాడు. రెండో వరుసకు వచ్చేసరికి నాకు సంగతి తెలిసిపోయింది. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో గడువు తీరింది. మామూలుగా ఊరికే వచ్చే భద్రతా మరమ్మతులు ఇక రావు. కొత్తదానికి మారదామంటే ఈయన యంత్రం 2014 నాటిది, విండోస్ 11 అడిగే హంగులు అందులో లేవు. ఆ ముక్కే చెప్పాను.

"అంటె మెడికల్ అన్‌ఫిట్ అన్నట్టు" అన్నాడు. బొగ్గుబాయి ఊళ్లలో, మనిషి ఇక పనికి పనికిరాడని డాక్టర్లు తేల్చే ఆ మాటకున్న బరువు తెలిసినదాన్ని కాబట్టి నవ్వలేదు.

నాది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. చుట్టాల లెక్కలో అది కంప్యూటర్లు బాగుచేసే పని. ఇన్వర్టర్ మొరాయించినా నాకే ఫోను. ఎప్పుడూ ఫోన్లోనే ఏదో చెప్పి సరిపెట్టేదాన్ని. ఈసారి పోవాల్సే వచ్చింది, ఎందుకంటే నవంబరు నడుస్తోంది. మిగతా జనానికి కార్తీకం, వనభోజనాలు. బొగ్గుగని పింఛనుదార్లకు మాత్రం తాము బతికే ఉన్నామని రుజువు చూపించుకునే నెల. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది. ఆధార్ వేలిముద్రతో ఇంట్లోంచే ఆ రుజువు పంపుకునే వీలు కలిగింది. పెద్దబాపు మనవడు డాలస్ పోయేముందు వేలిముద్రల మిషన్ ఒకటి కొని, తన ఇంజనీరింగ్ చదువునాటి కంప్యూటర్‌కు తగిలించి, "తాతా, ఇగ నువ్వు ఎక్కడికీ పోవుడు లేదు" అని చెప్పి విమానం ఎక్కాడు. అదీ కథకు మొదలు.

సికింద్రాబాద్‌లో కాగజ్‌నగర్ పోయే పొద్దుటి బండి ఎక్కాను. కాజీపేట దాటితే జమ్మికుంట, పెద్దపల్లి. పత్తి తీసిన చేన్లు, వరి కోసిన మళ్లు. రామగుండం దగ్గరపడుతుంటే ముందు ఎన్టీపీసీ పొగగొట్టాలు కనిపిస్తాయి, స్టేషన్ తర్వాతే వస్తుంది. చిన్నప్పుడు వాటిని చూడగానే మా అమ్మ "లేవండ్రి, సంచులు సదురుకోండ్రి" అనేది. ఇప్పటికీ అవి కనపడగానే నా చెయ్యి తనంతట తనే బ్యాగు మీదికి పోతుంది.

గోదావరిఖనిలో మంథని బస్సు దొరికింది. ఆధార్ చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కొట్టిచ్చాడు. ఆ కార్డు ముక్కను కళ్లతో చూసి సరేననే మనుషులు ఇంకా ఉన్నారు కదా అనిపించింది. మధ్యాహ్నం తర్వాత నాకు ఎదురైనవేవీ అలా కళ్లతో చూసి ఊరుకునేవి కావు.

దారిలో యైటింక్లైన్ కాలనీ. కొత్తవాళ్లు ఇది ఏ దేవుడి పేరో అనుకుంటారు. ఎనిమిదో నంబరు ఇంక్లైన్, అంటే బొగ్గు పొరలోకి వాలుగా దిగే గని. ఇంగ్లిషులో ఎయిట్ ఇంక్లైన్ అన్నది జనం నోళ్లలో నలిగి యైటింక్లైన్ అయింది, పేపర్లలోనూ అలాగే అచ్చవుతుంది. ఇంగ్లిషును ఇలా నమిలి మింగిన జనమే ఇవాళ కంప్యూటర్ ఇంగ్లిషు ముందు ఎందుకు నీళ్లు నములుతున్నారో నాకు చాలాసేపు తోచలేదు. బస్సు కమాన్‌పూర్ వైపు తిరిగింది. అక్కడి ఆదివరాహస్వామి పేరున్న దేవుడు. భూమిని లోపలినుంచి పైకి ఎత్తిన దేవుడు బొగ్గు గనుల పక్కన వెలిశాడంటే స్థలం చూసుకునే వెలిశాడని మా పెద్దమ్మ నమ్మకం. ఓసీపీల, అంటే పైనుంచే తవ్వుకుపోయే గనుల, మట్టి దిబ్బలు ఒకవైపు, రామగిరి ఖిల్లా గుట్టలు మరోవైపు. ఏవి దేవుడు పోసినవో ఏవి డంపర్లు పోసినవో దూరం నుంచి ఒక్కోసారి పోల్చలేం.

పెద్దబాపు ఉండే సెంటినరీ కాలనీ పేరు కూడా అలాంటిదే. ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తీయడం మొదలై నూరేళ్లు నిండిన గుర్తుగా పెట్టిన పేరు. ఇప్పుడది పెద్దపల్లి జిల్లా రామగిరి మండలం. వరసగా క్వార్టర్లు, వేపచెట్లు, రాణి రుద్రమదేవి స్టేడియం, జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ. ఇక్కడ "కంపెనీ" అంటే ఒక్కటే, బొగ్గు కంపెనీ. గడియారాలూ మనుషులూ షిఫ్టుల మీద నడుస్తారు. మా అన్న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో ఫిట్టరు, క్వార్టరు ఆయన పేరు మీద ఉంది. పెద్దబాపు 1973లో బదిలీ ఫిల్లర్‌గా చేరి, చెమ్మస్ పారతో బొగ్గెత్తి టబ్బులు నింపి, తర్వాత టింబర్‌మన్ అయి 2011లో దిగిపోయాడు. అప్పట్లో అరవైకే రిటైర్మెంట్, ఇప్పుడు అరవై ఒకటి. "ఒక్క ఏడు నాకు బాకీ ఉన్నరు" అంటుంటాడు.

కంప్యూటర్ ముందుగదిలో ఉంది. మానిటర్ మీద పెద్దమ్మ కుట్టిన పూలగుడ్డ, సీపీయూ మీద దసరానాటి పసుపూ కుంకుమా, మౌసు పక్కన ఎండి ముడుచుకున్న నిమ్మకాయ. స్విచ్చి వేస్తే రోకలి దంచినట్టు చప్పుడు. పక్క రేకు విప్పి చూశాను. ఫ్యాను రెక్కల మీద మెత్తటి నల్లదూగర పేరుకుని ఉంది.

"వీడు సుత బొగ్గు తిన్నడు" అన్నాడు పెద్దబాపు. పాత బ్రష్షు తెచ్చి తనే తుడిచాడు. తుడుస్తున్నప్పుడు ఆ చేతులు వణకలేదు. మౌసు పట్టుకుంటేనే వణుకుతాయి.

ఆయన మౌసు నొక్కే తీరు చూడాలి. ఒకసారి నొక్కుతాడు. ఆగుతాడు. తల కొంచెం పక్కకు వంచుతాడు. మళ్లీ నొక్కుతాడు. అప్పటికి డబుల్ క్లిక్ గడువు దాటి, ఫోల్డరు తెరుచుకోవడానికి బదులు దాని పేరు మార్చమని పెట్టె వస్తుంది. అట్లా మారిపోయిన పేర్లతో డెస్క్‌టాప్ నిండా "zzz"లు, చుక్కలు, కామాలు. గబగబా రెండుసార్లు కొట్టాలని ఫోన్లో నేను పదిసార్లు చెప్పి ఉంటాను, గొంతు పెంచి కూడా. ఎందుకు ఆగుతాడో పక్కన కూర్చుంటే గాని అర్థం కాలేదు. టింబర్‌మన్ పని బాయి కప్పుకు దుంగల ఆసరా పెట్టడం. పెట్టేముందు కర్రతో కప్పును కొట్టి వినాలి. గట్టిదైతే ఖణేల్‌మంటుంది, పొర విడితే డొల్లగా పలుకుతుంది. కొట్టినాక వినకుండా రెండోసారి కొట్టిన చెయ్యి ఎక్కువ రోజులు బతకదు. ముప్పై ఏళ్లు ఆ చెవితో బతికిన మనిషి ఇప్పుడు అద్దం మీద కొట్టి, అది ఏమంటుందా అని వింటున్నాడు. అది ఏమీ అనదు.

మౌసు సెట్టింగ్స్‌లోకి పోయి డబుల్ క్లిక్ వేగం చివరిదాకా తగ్గించాను. అరనిమిషం పని. ఇన్నేళ్లలో ఆ అరనిమిషం నాకు దొరకలేదు.

ఇక వేలిముద్ర. మిషన్ మీద ఎర్రలైటు వెలిగింది. కుడిచేతి బొటనవేలు పెట్టాడు, కుదరలేదు. చూపుడువేలు, కుదరలేదు. తడి గుడ్డతో తుడిచి పెట్టాడు, పెద్దమ్మ కొబ్బరినూనె రాసింది, అది తుడిచి మళ్లీ పెట్టాడు. పది వేళ్లూ అయిపోయాయి. చెమ్మస్ కట్టె, బొగ్గు పెళ్ల, తుమ్మదుంగ కలిసి గీతలన్నిటినీ నున్నగా అరగదీశాయి. తట్ట మోసినవాళ్లు, ఇటుకలు అందించినవాళ్లు, బట్టలుతికినవాళ్లు ఈ దేశంలో ఎందరో, అందరి వేళ్లదీ ఇదే తిప్పలు. పని చేసినకొద్దీ గుర్తింపు చెరిగిపోయే పద్ధతి ఇది.

"బాయిల ఇత్తడి బిల్ల ఉండె" అన్నాడు పెద్దబాపు, వేళ్లను పంచెకు తుడుచుకుంటూ. "ల్యాంపు రూములో బిల్ల ఇచ్చి దీపం తీస్కోవాలె. మల్ల దీపం ఇస్తె బిల్ల ఇస్తరు. షిఫ్టు అయినంక పలక మీద బిల్ల మిగిలిందనుకో, మనిషి ఇంక లోపల్నే ఉన్నడని ఎర్కయితది. ఎవడో ఒకడు దీపం పట్టుకొని ఎదుక్కుంట ఒస్తడు."

సాంకేతిక పరిజ్ఞానం ఎంతయినా పెరగనివ్వండి, బతికున్నాడా లేదా తెలుసుకోవడానికి ఒకడు వెతుక్కుంటూ రావడం ఉందే, ఆ ఏర్పాటును మించింది నాకింకా కనపడలేదు.

వేళ్లు పోతే ముఖం ఉంది. 2021 నుంచి ఫోను కెమెరాకు ముఖం చూపించి కూడా ఈ ధ్రువీకరణ ఇవ్వొచ్చు. నా ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్, దానికి తోడు ఆధార్ ముఖ గుర్తింపు యాప్ వేసుకుని వివరాలు కొట్టాను. ఓటీపీ పంపామంది. ఏ ఫోనుకు? నిరుడు రాసిచ్చిన నంబరుకు, అంటే అన్న ఫోనుకు. అన్న ఎక్కడ? మొదటి షిఫ్టులో, భూమికి కొన్ని వందల మీటర్ల కింద. బాయిలోకి సెల్‌ఫోన్ తీసుకుపోనివ్వరు, ఒక్క నిప్పురవ్వ చాలు గ్యాసు అంటుకోవడానికి. ఫోనేమో పైన సైకిల్‌స్టాండులో మోటరుసైకిల్ పెట్టెలో ఉంది. ఓటీపీ వచ్చింది, మోగింది, చల్లారింది. నా నంబరు ఇద్దామంటే పెద్దబాపు ఒప్పుకోలేదు. "నంబరు మారిస్తె మల్ల ఏడాది తిప్పలు. మూడింటికి వాడెక్కుతడు తియ్" అన్నాడు. పది నిమిషాలు బతికే అంకెల కోసం ఎనిమిది గంటల షిఫ్టు పూర్తయ్యేదాకా కాసుకున్నాం.

ఆ ఖాళీ సమయంలో ఆయన తన కష్టాల మూట విప్పాడు. పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం ఉండాలంటారు. "తెలుగుల అక్షరానికి పెద్దా చిన్నా యాడుంది బిడ్డా?" నిజమే. మన అచ్చులూ హల్లులూ పుట్టినప్పటినుంచి ఒకే ఎత్తు. ఆయన పాస్‌వర్డు తన ఎంప్లాయి నంబరు. దవాఖానాలో పేరడిగినా ముందు ఆ నంబరే చెబుతాడు. దాని చివర పెద్దక్షరం తగిలించబోయి క్యాప్స్ లాక్ వదిలేస్తాడు, తర్వాత కొట్టినవన్నీ తప్పులవుతాయి. ఐదు తప్పులకు ఖాతాకు తాళం.

ఇంకోటి, మనిషివో మరవో తేల్చే పటాలు. తొమ్మిది బొమ్మల్లో బస్సులేవో గుర్తుపట్టమంటుంది. అవన్నీ అమెరికా పసుపుపచ్చ స్కూలు బస్సులు. ఆర్టీసీ బస్సు ఉంటే చీకట్లో చప్పుడు విని గుర్తుపడతాడు ఈయన. మంటలార్పే నీళ్ల గొట్టాలు గుర్తుపట్టమన్నప్పుడు ఇంటిల్లిపాదీ గుమికూడారట. ఆ రంగుల ముంత ఏమిటో ఎవరికీ తెలియలేదు. "నేను మర కాదని మరకు చెప్పుకునుడు" అన్నాడు. కోపంతో కాదు, విసుగుతో.

దసరాకు ముందోరోజు తెర మొత్తం ఎర్రబడి, మోత మోగి, ఆడగొంతు ఇంగ్లిషులో కేకలేసిందట. కంప్యూటర్ ఆపొద్దు, ఈ నంబరుకు ఫోన్ చేయమని. మోసగాళ్ల వల అది, చదువుకున్నవాళ్లే అందులో పడి లక్షలు పోగొట్టుకుంటారు. ఏం చేశావన్నాను గుండె చేత్తో పట్టుకుని.

"ఏం చేస్త? గ్యాసు ఒకటింబావు శాతం దాటిందంటె ఏం చేస్తరు? కరెంటు బందు. గోడ కాడ మెయిన్ బందు చేసిన. అది ఆపొద్దన్నదంటెనె ఎర్కయింది నాకు."

నేను పనిచేసే చోట భద్రత మీద ఏడాదికొకసారి పాఠాలు చెబుతారు, చివర్లో పరీక్ష పెడతారు. ఇంత సూటి జవాబు అందులో ఎప్పుడూ వినలేదు.

దూరంగా ఓసీపీ బ్లాస్టింగ్ వినిపించింది. పెద్దమ్మ పిలవకుండానే చాయ్ తెచ్చింది. ఆ చప్పుడు ఈ ఇంట్లో చాయ్ గంట. తాగుతూ అడిగాను, ఇంత తెలిసినవాడివి మరి దీని ముందు ఎందుకు జంకుతున్నావని. గ్లాసు కింద పెట్టాడు.

"మేం తట్టా చెమ్మస్ మీద బతికినోళ్లం. మల్ల బొగ్గెత్తె ఎస్‌డీఎల్ మిషన్లు ఒచ్చినయి. వాటికి మేం భయపడ్డమా? లేదు. ఎందుకంటె వీటీసీ ఉండె. ట్రైనింగ్ లేకుంట బాయిలకు దిగనియ్యరు. ఎన్ని దినాలైనా పక్కన ఒక పాతోడు ఉంటడు. ఒక్కన్ని ఫేసు మీదికి ఎవలూ పంపరు. దీనికి వీటీసీ యాడుంది? నా మనుమడు చూపెట్టిండు, టక టక టక కొట్టిండు, అయిపాయె అన్నడు. నువ్వు ఫోన్ల చూపెడతవు, జల్ది జల్ది. ఒక్కన్ని లోపటికి తోలి మీరు పైకెల్లిపోయిండ్రు."

వీటీసీ అంటే వృత్తి శిక్షణ కేంద్రం. 1966 నాటి నిబంధనల ప్రకారం ఆ శిక్షణ లేనిదే గనిలో పనికి పెట్టుకోకూడదు, కొన్నేళ్లకోసారి మళ్లీ నేర్పాలి కూడా. కంప్యూటర్ ఏటేటా మారుతుంది. బొత్తాలు అటువి ఇటు పోతాయి. మళ్లీ నేర్పేవాడు మాత్రం ఉండడు. నేను ఇంకోటి ఒప్పుకోవాలి. మూడేళ్ల కింద ఒక వినియోగదారుడు, పెద్దాయనే అయి ఉంటాడు, మా సాఫ్ట్‌వేర్‌లో ఒక పెట్టెలోని అక్షరాలు కనపడటం లేదని రాశాడు. "ఇది లోపం కాదు" అని రాసి ఆ ఫిర్యాదును మూసేసింది నేనే. చాయ్ చల్లారిపోయింది.

పొద్దు ఇంకా ఉండటంతో తెలుగు మీటల పలక పెట్టాను. అది ఆయన చిరకాల కోరిక. బాయి సంగతులు రాసుకోవాలి. ఇదివరకు డీటీపీ కొట్టులో నాలుగు పేజీలు కొట్టించుకున్నాడు. ఇంటికొచ్చి తెరిస్తే అన్నీ ఇంగ్లిషు పిచ్చిరాతలు. ఆ పాత ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల గూళ్లలో తెలుగు బొమ్మలు దాచి నడుస్తాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో ముసుగు తొలగిపోతుంది. యూనికోడ్‌లో ఆ బాధ లేదు. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ వచ్చిన తెలుగు ఫాంటు పేరు గౌతమి అని చెబితే, "గోదారేనా?" అని సంతోషపడ్డాడు. ఇన్‌స్క్రిప్ట్ పలకలో గుణింతాలు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. ఆ విభజన ఆయనకు ఇట్టే పట్టుబడింది. "కుడిచెయ్యి నింపుతది, ఎడమచెయ్యి తోస్తది" అన్నాడు. మొదటి మాట "బాయి". కుడి, ఎడమ, కుడి, ఎడమ. నాలుగు మీటలు. వెతికి కొట్టడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలూ నేను నోరు మూసుకుని కూర్చున్నాను. అంతకు ముందెప్పుడూ అలా కూర్చోలేదు.

నాలుగు దాటాక అన్న వచ్చాడు, జుట్టు తడిగానే ఉంది. ఓటీపీ ఈసారి బతికుండగానే దొరికింది. పెద్దబాపు చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని ముంగిట్లో వేపచెట్టు కింద కుర్చీలో కూర్చున్నాడు. ఫోన్లో ముఖం చుట్టూ గుండ్రటి గీత. కళ్లు ఆర్పమంటుంది. ఆయన రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, ఆర్పమంటే గట్టిగా మూసుకుంటాడు. "మూసుకోమన్లేదే, ఆర్పుమన్నది" అని పెద్దమ్మ వెనకనుంచి. వెలుతురు ఎక్కువంది. నీడలోకి జరిగాం. వెలుతురు తక్కువంది. కుర్చీ తిప్పాం. కుడి కనుబొమ్మ మీద, దవడ మీద నీలిమచ్చలు. దెబ్బ తగిలినప్పుడు గాయంలోకి పోయిన బొగ్గుపొడి మీద చర్మం మూసుకుపోతే మిగిలే గుర్తులవి. ఏ గనికార్మికుణ్ణి చూసినా ఉంటాయి. ఆ మచ్చలు చూసి మర జంకుతుందేమో అనుకున్నాను.

"ముప్పయ్యేండ్లు ఫేసు మీద పనిచేసిన, ఫేసంటె ఏందో నాకు నేర్పుతాంది" అని ఆయన నవ్వబోయి, నవ్వుతూనే కళ్లు ఆర్పాడు. ఆ క్షణాన పచ్చ టిక్కు పడింది. బొగ్గు తవ్వే మొనను బాయిలో ఫేసే అంటారు. ఏడో ప్రయత్నంలో ఫేసు కుదిరింది. పెద్దబాపు 2026 నవంబరుదాకా బతికే ఉన్నాడని ప్రభుత్వ రికార్డులో ఎక్కింది.

"నాది?" అన్నాడు పక్క క్వార్టర్ తాత గోడ మీదుగా. ఆయన వెనక ఇంకో ఇద్దరు. చీకటి పడేదాకా వేపచెట్టు కింద అదే పని. రెండో ఆయన దగ్గరికి వచ్చేసరికి కుర్చీ ఎటు తిప్పాలో పెద్దబాపే చెబుతున్నాడు.

కంప్యూటర్ సంగతి మర్నాడు పొద్దున తేల్చాం. కొత్తది కొనిస్తానంటే వద్దన్నాడు. డబ్బు లావాదేవీలేవీ దాంట్లో చేయకూడదని, ఇంటర్నెట్ తీగ పీకెయ్యాలని తీర్మానించాం. తీగ ఆయనే పీకాడు, "కరెంటు బందు" అంటూ. ఇక అది రాతపలక మాత్రమే. అన్‌ఫిట్ అయినవాళ్లకు పైన తేలిక పని ఇచ్చినట్టు.

మధ్యాహ్నం బస్సెక్కాను. యైటింక్లైన్ దగ్గర ఆగినప్పుడు అన్న ఫోను నుంచి పెద్దబాపు మాట్లాడాడు. ఏవో మీటలు ఒక్కసారే ఒత్తుకుని స్క్రీను తలకిందులైందట. పాత యంత్రాల్లో కంట్రోల్, ఆల్ట్, బాణం మీట కలిసి పడితే అలా అవుతుంది. అదే మూడు మీటలు, పైకి చూసే బాణంతో నొక్కమని చెప్పబోయాను. "అక్కర్లేదు, నేను సదురుకున్న" అని పెట్టేశాడు.

రామగుండం స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు ఫొటో వచ్చింది. మానిటర్‌ను తిరగేసి గోడకు ఆనించాడు. స్టాండు పైకి, ఆకాశం వైపు చూస్తోంది. కింద రెండు మూలల్లో రెండు చెక్క దిమ్మెలు, కదలకుండా వాటి సందుల్లో బిగగొట్టిన చీలలు. తెర మీద అక్షరాలు నిటారుగా ఉన్నాయి. "బాయి" తర్వాత ఇంకో రెండు పదాలు పడ్డాయి.